ఓటీపీ వేటకు పోయింది

చదువును ఆకాశానికెత్తిన జిల్లా ఏదని ఎవరైనా అడిగితే, మొహమాటపడకుండా మా నెల్లూరు పేరు చెప్పేయండి. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే ఎత్తాం. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఎడ్యుశాట్‌ను మోసుకుని లేచింది. 1,950 కిలోల ఉపగ్రహం. కేవలం చదువు కోసమని మన దేశం పైకి పంపిన మొట్టమొదటిది. పంతులు చేరలేని పల్లెకు పాఠం పైనుంచి దిగుతుందన్నారు. పులికాట్ సరస్సులోని ఇరకం దీవివాళ్లు గుమ్మంలో నిలబడితే చాలు, రాకెట్ నిప్పులు కక్కుకుంటూ పోవడం కనబడుతుంది. కాబట్టి చదువు పైకి పోవడం మావాళ్లు కళ్లారా చూశారు. దిగి రావడం మాత్రం చూసినట్టు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. 2010లో ఎడ్యుశాట్ రిటైరయింది. ఇరకం నుంచి బయటి లోకానికి దారి అప్పుడూ పడవే, ఇప్పుడూ పడవే.

తర్వాత 2022లో జిల్లాలు చీల్చి శ్రీహరికోటను తిరుపతి జిల్లాలో కలిపేశారు. ఆకాశం అటు పోయింది. మా వాటాకు ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, బోగోలు, కావలి, వాటిని అంటుకుని ఉన్న జాలర్ల పట్టపుపాలేలు, ఉప్పు మడులు, రొయ్యల గుంటలు మిగిలాయి. ఆ మధ్యలో కంప్యూటర్ల ముచ్చట కూడా తీరింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో 5 వేల హైస్కూళ్లకు కంప్యూటర్లు పెట్టారు. కంపెనీలతో 5 ఏళ్ల ఒప్పందం. గడువు తీరగానే నేర్పే కుర్రాళ్లు ఇళ్లకు పోయారు, కంప్యూటర్లు గుడ్డ కప్పుకుని బళ్లలోనే ఉండిపోయాయి. సముద్రం పక్కన ఉప్పుగాలికి సైకిల్ చైనే ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. ఆ గుడ్డ కింద ఏం జరిగిందో విప్పి చూడమని ఎవరికీ ఉత్తర్వులు రాలేదు గనుక ఎవరూ విప్పలేదు.

ఇక 2020. కరోనాకు బళ్లు మూతపడ్డాయి. అప్పుడు విద్యాశాఖ మేధావులు 'విద్యావారధి' పేరుతో పిల్లల్ని మూడు రకాలుగా విడదీశారు. ఫోనూ ఇంటర్నెట్టూ ఉన్నవాడు హైటెక్. టీవీయో రేడియోనో ఉన్నవాడు లోటెక్. ఏదీ లేనివాడు నోటెక్. మనుషుల్ని మెట్లుగా పేర్చడం మనకు కొత్తేం కాదు. తెలుగులో పేరిస్తే తప్పంటారు, ఇంగ్లీషులో పేరిస్తే పథకం అంటారు.

పాలెంలో పిల్లవాడు నోటెక్‌లో పడ్డాడు. వాడి నాయన సంగతి చూడండి. ఫైబర్ బోటులో జీపీఎస్ ఉంటుంది. నీటి కింద గుంపును చూపించే ఫిష్ ఫైండర్ గురించి ఆయన మీకూ నాకూ క్లాసు పీకగలడు. హైదరాబాద్‌లో, అంటే సముద్రం పొరపాటున కూడా రాని ఊళ్లో, ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉంది. ఉపగ్రహాలు పంపిన సముద్రపు వేడినీ, నాచు రంగునూ చదివి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కుకు ఇన్ని కిలోమీటర్లు పోతే, ఇంత లోతులో చేప దొరకొచ్చని తెలుగులోనే చెబుతుంది. అందుకు పనికొచ్చిన ఓషన్‌శాట్-2 కూడా 2009లో ఆ శ్రీహరికోట నుంచే లేచింది. ఒకే రేవు నుంచి పైకెళ్లిన రెండు ఉపగ్రహాల్లో చేప ఎక్కడుందో చెప్పేది పనిచేసింది. పిల్లవాడు ఎక్కడున్నాడో చెప్పేది ఇంకా రాలేదు.

నాకు తోచిన కారణం ఒక్కటే. చేప కబురు పంపేవాడికి భయం ఉంది. తప్పు చెబితే తెల్లారేసరికి దొరికిపోతాడు. డీజిల్ తగలేసి ఖాళీ వలతో దరికొచ్చిన మనిషి ఊరుకోడు. పాఠం పంపేవాడికి ఆ బెడద లేదు. పంపడంతో ఆయన పని సరి. అందిందా, అర్థమైందా, ఆరో ఎక్కం వచ్చిందా అని అడగడానికి ఖాళీ వల చేతబట్టుకుని ఆయన గుమ్మంలోకి ఎవరూ రారు.

అడగడం సంగతి అటుంచండి, ముందు లోపలికి పోవాలి కదా. డిజిటల్ చదువుకు గుమ్మం ఉంది, గుమ్మానికి తాళం ఉంది, ఆ తాళం పేరు ఓటీపీ. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటుంది. ఆ నంబరు ఇంటాయనది. ఆ ఫోను ఇంటాయనతోపాటు వేటకు పోతుంది. ఇక బడిలో సంభాషణ ఇట్టా సాగుతుంది:

"ఓటీపీ వచ్చిందేమ్మా?"

"వచ్చుంటది సారూ. ఆయన దగ్గిరికి వచ్చుంటది."

"ఆయన యాడ?"

"వేటకి పోయుండాడు. రేపు పొద్దు పొడిచేలోపల దరికొస్తాడు."

"పది నిమిషాల్లో చెప్పాలమ్మా, టైమైపోద్ది."

"పది నిమిషాల్లో చెప్పాలంటే సముద్రుడే లేచి రావాల సారూ."

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. నాయన ఇంట్లో ఉంటాడు, ఫోనూ ఇంట్లోనే ఉంటుంది. బళ్లకు వేసవి సెలవులు ఎప్పుడంటారా? ఏప్రిల్ ఆఖరి వారంలో ఇస్తారు, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఫోను ఒడ్డున ఉన్న రోజుల్లో చాలామట్టుకు బడికి సెలవు. బడి తెరిచిన రెండు మూడు రోజులకు ఫోను సముద్రంలోకి పోతుంది. ఈ ముహూర్తం ఎవరో పంచాంగం ముందు పెట్టుకుని తీరిగ్గా కుదిర్చినట్టే ఉంటుంది గానీ, నిజానికి ఎవరూ కుదర్చలేదు. మత్స్యశాఖ ఒక భవనంలో ఉంది, విద్యాశాఖ ఇంకో భవనంలో ఉంది. వాళ్లిద్దరికీ మధ్య డిజిటల్ అనుసంధానం కుదిరే యోగం ఉన్నట్టు లేదు.

యానాది గిరిజన పిల్లల కథ ఇంతకన్నా ముదురు. రొయ్యల గుంటకు కాపలా ఉండే కుటుంబం కట్ట మీదే గుడిసె వేసుకుంటుంది. గుంట మారితే కట్ట మారుతుంది. బిడ్డ పుట్టిన తేదీ తల్లికి తెలుసు: ఆ తుఫాను వచ్చిన రెండో వారం. దాన్ని నమోదు చేసే గడి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. జనన ధ్రువపత్రం లేకపోతే ఆధార్‌కు తిప్పలు. ఆధార్ లేకపోతే అపార్ అనే 12 అంకెల విద్యార్థి సంఖ్య రాదు. ఆధార్ ఉన్నా ఒడ్డున పడ్డట్టు కాదు. అందులో పేరు, బడి రిజిస్టర్లో పేరు ఇంగ్లీషు అక్షరాలతో సహా ఒక్కటిగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడిగా, ఒకచోట పూర్తిగా ఉంటే పిల్లవాడు ఇద్దరైపోతాడు. ఆ ఇద్దరిలో ఎవరు బడికి వస్తున్నారో కంప్యూటరుకు అంతుపట్టదు. బెంచీ మీద చీమిడి తుడుచుకుంటూ కూర్చున్నవాడు కళ్లెదుట ఉన్నా సరే. ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి తల్లి కూలి మానుకుని మీసేవ చుట్టూ తిరుగుతుంది. అంటరానివాడని బడి బయట నిలబెట్టిన రోజులు పోయాయని చెప్పుకుంటున్నాం. ఇప్పుడు ఎర్ర అక్షరాల్లో 'సరిపోలలేదు' అని వస్తుంది, అంతే. మర్యాదగా ఉంటుంది. ఎవరినీ తిట్టే వీలుండదు.

ట్యాబుల భాగవతం అందరికీ తెలిసిందే, అందుకే త్వరగా ముగిస్తాను. 2022 జూన్‌లో ఒకే నెలలో రెండు మంచిపనులు జరిగాయి. ఒకటి, జీవో 117. దాని పుణ్యాన చాలాచోట్ల ఊరి బడిలోని 3, 4, 5 తరగతులను తీసుకెళ్లి హైస్కూల్లో కలిపారు. రెండు, బైజూస్‌తో ఒప్పందం. బడి కిలోమీటరు దూరం జరిగింది, తెర జానెడు దగ్గరికి వచ్చింది. లెక్క సరిపోయింది. ఆ డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. 8వ తరగతి పిల్లలకు 4,59,564, టీచర్లకు 59,176. ఆ రోజు ఆయన పుట్టినరోజు. మరుసటి ఏడు చింతపల్లిలో ఇంకో 4,34,185. అదీ డిసెంబర్ 21నే. విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుందని పాతకాలపు పంతుళ్లు అనుకుంటారు. పుట్టినరోజు జూన్‌లో రానప్పుడు ఎవరేం చేస్తారు? ఒక్కో బిడ్డకు 32 వేల రూపాయల లబ్ధి అన్నారు. లోపల పాఠాలు పెట్టిన కంపెనీ విలువ 2022లో 22 బిలియన్ డాలర్లు. 2024 జూలైలో అదే కంపెనీ మీద దివాలా కేసును ట్రిబ్యునల్ విచారణకు తీసుకుంది. చక్రవడ్డీ లెక్క దేశానికంతటికీ నేర్పిన సంస్థ తన అప్పు లెక్క తప్పింది. ట్యాబు మాత్రం మంచిదే. పాలెంలో కొన్ని ఇంకా వెలుగుతున్నాయి, సినిమాలు చక్కగా వస్తాయి.

అన్యాయంగా మాట్లాడకూడదు. డిజిటల్ విద్య వల్ల బాగా చదువుకున్నవాళ్లు ఉన్నారు. ఆఫీసులు చదువుకున్నాయి. 2022లో టీచర్లకు ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ పెట్టారు, అదీ వాళ్ల సొంత ఫోన్లలో. భోజనం ఫొటో, గుడ్డు ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. పొద్దున్నే మరుగుదొడ్డిని నాలుగు మూలల నుంచీ ఫొటో తీసే హెడ్‌మాస్టర్లు ఈ గడ్డ మీద తయారయ్యారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అంటూ 2017 డిసెంబర్‌లో సాక్షాత్తు రాష్ట్రపతి ప్రారంభించిన ఫైబర్‌నెట్ తీగ సరుగుడు తోపుల దాకా వచ్చి అలిసిపోయింది కాబోలు, ఫొటో ఎక్కించాలంటే తుఫాను షెల్టర్ డాబాయే దిక్కు. అప్పట్లో తీరం పొడుగునా ఏ బడిలోనైనా ఇదే వరస:

"సార్, మీ టాయిలెట్ ఇంకా పడలా."

"సిగ్నల్ లేదు సార్."

"పక్కూరికి పోయి ఎక్కించండి."

"పక్కూళ్లో ఎక్కిస్తే లొకేషన్ తప్పంటది సార్."

"అయితే షెల్టర్ పైకెక్కండి."

"ఎక్కే మాట్లాడతుండా."

"మరి పిల్లలు?"

"కింద ఉండారు సార్."

"ఏం జేస్తుండారు?"

"నన్నే జూస్తుండారు."

2024లో ప్రభుత్వం మారాక మరుగుదొడ్ల ఫొటోలు ఆపేయమన్నారు. మంచి పని. చప్పట్లు కొట్టాల్సిందే. 2025 జనవరిలో వాట్సాప్ పాలన వచ్చింది. పదో తరగతి, ఇంటర్ హాల్‌టికెట్లు ఫోన్లోకే వస్తున్నాయి. ఇదివరకు ఫీజు బాకీ పేరు చెప్పి హాల్‌టికెట్ బిగబట్టుకునే కాలేజీల నోరు దీనితో మూతపడింది. ఇది నిజమైన మేలు, కాదంటే కళ్లు పోతాయి. కానీ ఆ యేడే జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగు అన్నారు, గిన్నిస్ రికార్డు అన్నారు. రికార్డు కావాలంటే సాక్ష్యం కావాలి, సాక్ష్యమంటే మళ్లీ ఫొటోలు. దొడ్డి పోయి తల్లిదండ్రులు వచ్చారు. కెమెరా మాత్రం ఎప్పటిలాగే పిల్లల వైపు నుంచి విజయవాడ వైపే తిరిగి ఉంది. తీగలో ఏది పోయినా పైకే పోతుంది.

పాఠశాల విద్యాశాఖ పెద్దలు ఒక పూట వీలు చేసుకుని రొయ్యల గుంట దగ్గరికి రావాలని నా మనవి. మా తీరంలో డిజిటల్ యుగపు ఫలాలు అందుకుంటున్న అణగారిన ప్రాణి రొయ్యే. నీటిలో ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎంత అని పూటపూటా కొలుస్తారు. ఏరియేటర్ ఆగితే అర్ధరాత్రయినా జనరేటర్ వేస్తారు. అదంతా ఒక ఎత్తు, చెక్ ట్రే ఒక ఎత్తు. గుంటలో మేత చల్లినప్పుడు కొద్దిగా ఒక పళ్లెంలో వేసి తాడుతో నీళ్లలోకి దించుతారు. గంటన్నర రెండు గంటలకు పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందా, తర్వాతి పూట తగ్గించు. ఖాళీ అయిందా, పెంచు. రొయ్యను వెలుగుకు ఎత్తిపట్టి పేగు నిండిందో లేదో చూస్తారు. ఎన్ని బస్తాలు చల్లావని రైతును ఎవరూ సన్మానించరు. విద్యాశాఖలో మేత చల్లడం ఉంది. ఎన్ని లక్షల ట్యాబులు, ఎన్ని వేల తెరలు, ఎన్ని గంటల వీడియోలు, అన్నీ లెక్క ఉన్నాయి. పళ్లెం పైకి లాగే తాడు మాత్రం ఏ టెండర్లోనూ కనబడదు.

సర్కారు లాగకపోయినా బయటివాళ్లు లాగి చూశారు. పల్లె పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం మన రాష్ట్రం పల్లెల్లో రెండో తరగతి వాచకం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 10.3 శాతం. 2018లో 22.6 శాతం ఉండేవాళ్లు. కరోనా దెబ్బ ఉంది, కాదనను. కానీ అక్షరం జారిపోయింది మూడో తరగతిలో, ట్యాబు ఇచ్చింది ఎనిమిదో తరగతికి. జ్వరం చిన్నోడికి వస్తే ఇంజెక్షన్ పెద్దోడికి పొడిచారు. ఎందుకంటే మూడో తరగతివాడు ట్యాబు పట్టుకుంటే ఫొటోలో మొహం కనబడదు.

ఇది మా తీరపు జబ్బే అనుకోకండి. పెరూ దేశం 8 లక్షలకు పైగా లాప్‌టాప్‌లు పంచింది. 319 బళ్లలో పరీక్షించి 2012లో తేల్చారు: పిల్లలకు లాప్‌టాప్ వాడటం వచ్చింది, లెక్కలూ భాషా మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అదే కరోనా ఏడాది ఆఫ్రికాలో బోట్స్‌వానా వాళ్లు పిచ్చి పని చేశారు. మామూలు బటన్ ఫోన్లకు వారం వారం లెక్కలు ఎస్సెమ్మెస్ పంపారు, ఆపైన ఒక మనిషి ఫోన్ చేసి పదిహేను ఇరవై నిమిషాలు తల్లితోనూ బిడ్డతోనూ ఆ లెక్కలు చేయించాడు. పిల్లలకు లెక్కలు వచ్చాయి. వట్టి ఎస్సెమ్మెస్సే అందినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. యంత్రం అటువైపు ఒక మనిషి ఉండి, 'చెప్పు కన్నా, ఎంతొచ్చింది?' అని అడగడమే అందులోని సాంకేతిక పరిజ్ఞానం. అటువంటి దానికి ప్రారంభోత్సవం ఎట్టా పెడతారు? రిబ్బన్ ఎక్కడ కడతారు? పాపం, మనవాళ్ల ఇబ్బంది మనం కూడా అర్థం చేసుకోవాలి.

పైగా అటూ ఇటూ మాట నడిచే చదువంటే సర్కారుకు భయం ఎందుకో నెల్లూరువాళ్లకు వేరే చెప్పాలా? 1990ల మొదట్లో ఈ జిల్లాలోనే అక్షరదీపం అని పెద్దలకు చదువు నేర్పే కార్యక్రమం పెట్టారు. సాయంత్రం పూట లాంతరు, పలక, పల్చటి వాచకం. పైసా విలువ చేయని సాంకేతికత. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, తాగుబోతు మొగుడితో పడే ఆడమనిషి కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు దాన్ని కూడబలుక్కుని చదివారు. చదివి ఊరుకోవచ్చు కదా? 'ఇది మన కథే గదా' అన్నారు. ఆ ఊరి రోశమ్మా, ఆమె తోటివాళ్లూ పోయి సారా అంగడి మూయించారు. ఆ ముచ్చటే 'ఆడవాళ్లు ఏకమైతే' అని ఇంకో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. సారా వేలంపాటలు జరగనిస్తే ఒట్టు. వాయిదా మీద వాయిదా. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆపాల్సి వచ్చింది. ఖజానాకు ఏటా వచ్చే కోట్లు ఒక పల్చటి పుస్తకం మింగేసింది.

అంతటి నష్టం చూసిన ప్రభుత్వం, ఏ పార్టీదైనా సరే, జాగ్రత్తపడకుండా ఉంటుందా? ఇప్పటి యాప్ ఏదైనా తెరిచి చూడండి. అప్‌లోడ్ ఉంది, సబ్మిట్ ఉంది, చుక్కలిచ్చి మెచ్చుకునే గడి ఉంది. పాలెంలో తల్లి వేలు పెట్టి అడిగే గడి లేదు. ఉంటే ఆమె ఏం అడుగుతుందో కాస్త ఊహించండి:

మా లెక్కల సారు బదిలీ మీద పోయి ఎన్నాళ్లాయె, ఇంకొకాయన ఎప్పుడొస్తాడు సారూ? పేరులో అక్షరం తప్పు కొట్టింది మీ కంప్యూటరాయనే గదా, దాన్ని దిద్దేదానికి నా కూలెందుకు పోవాల? మూడో తరగతి బిడ్డకి చదవను రాకపోతే మీ ఫొటోలో ఎట్టా తెలుస్తాది? చేపలుండే చోటు తెలుగులో చెప్పినోళ్లు, నా బిడ్డ ఎక్కడ తప్పిందో తెలుగులో చెప్పలేరా? వేట నిషేధంలో ఆయనా ఇంట్లోనే ఉంటాడు, ఫోనూ ఇంట్లోనే ఉంటది, అప్పుడు బడి పెట్టగూడదా?